మూడో అంతస్తు తలుపు

పోయిన వారం మన లిఫ్టు మెకానిక్కుని ప్రార్థనా మందిరంలో, చేతిలో రొట్టె పళ్లెంతో, సొంత బావ ముందు నిలబెట్టి వదిలేశాం. ఆ తర్వాత కొత్తగా ఏమీ జరగలేదు. మూడు నెలలుగా, రొట్టె పంచే ప్రతి బల్లారాధనకీ జరిగేదే ఆ ఆదివారమూ జరిగింది. సంఘపెద్ద హోదాలో వరస వరసకీ పళ్లెం తెచ్చేది మెకానిక్కే. బావ ఆ పళ్లెం అందుకుంటాడు, ఏమీ తీసుకోకుండా పక్కవాళ్లకి ఇచ్చేస్తాడు. లిఫ్టు ప్రమాదంలో పోయినావిడ కూతురి దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడిగేదాకా రొట్టె ముట్టనని అతని పట్టు. మెకానిక్కు మాత్రం ప్రతిసారీ పుచ్చుకుంటూనే ఉన్నాడు.

ఇప్పుడే మనతో కలిసినవాళ్లకి జరిగిన సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాలి. ఒక ఎనిమిదంతస్తుల ఆఫీసు భవనంలో బావ ఇరవై రెండేళ్లు లిఫ్టు నడిపాడు. ఎవరొచ్చినా "పైకా, కిందకా?" అని అడిగీ అడిగీ అదే అతని పేరైపోయింది. భవనంలో సగం మందికి అసలు పేరు తెలియదు, అందరికీ అతను పైకా బాబాయే. ఆ లిఫ్టుకి మరమ్మతులు చేసేది అతని భార్య తమ్ముడు, అంటే మన మెకానిక్కు. అయిదు నెలల కిందట ఒక సోమవారం పొద్దున్న బావ మూడో అంతస్తులో లిఫ్టు ఆపి దిగాడు. ఎవరో బల్ల జరపాలంటే ఒక చెయ్యి వేసి, తిరిగొచ్చి లిఫ్టు తలుపు లాగాడు. తలుపు తెరుచుకుంది. ఎదురుగా లిఫ్టు లేకుండా ఆ తలుపు ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. తెరుచుకుందంటే లిఫ్టు ఉన్నట్టే లెక్క. అందుకని అతను లోపలికి చూడలేదు. వెనక చీపురూ బకెట్టూ పట్టుకుని నిలబడిన ఊడ్చే ఆవిడకి దారి ఇచ్చి, "ముందు నువ్వెళ్ళక్కా" అన్నాడు. ఆవిడ అడుగు వేసింది. ఆవిడ చెయ్యి పట్టుకోబోయి అతనూ పడ్డాడు. ఎవరో నొక్కిన మీటకి లిఫ్టు అప్పటికే ఒకటో అంతస్తుకి దిగిపోయి ఉంది. ఆవిడ రెండో రోజు ఆసుపత్రిలో పోయింది. అతనికి కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. విచారణకి వచ్చినవాళ్లు తలుపు తాళం చూసి, అంతా సవ్యంగానే ఉందనీ, ఆపరేటరు తలుపుని బలవంతంగా లాగి తెరిచాడనీ రాసుకుని వెళ్ళారు.

ఆ తాళం ఎలా సవ్యమైందో తెలిసినవాడు లోకంలో ఒక్కడే. తాళం పాడై లిఫ్టు మాటిమాటికీ ఆగిపోతుంటే, శనివారం సాయంత్రం ఆ తాళానికి అడ్డంగా తీగెముక్క కట్టి, తలుపు తాళం పడకపోయినా పడ్డట్టే లిఫ్టుని నమ్మించింది మెకానిక్కు. సోమవారం బావనీ ఆవిడనీ ఆసుపత్రికి తీసుకెళ్ళిన హడావిడిలో తీగె పీకేసి కొత్త తాళం బిగించింది కూడా అతనే. అది కొత్తదని తెలియకుండా గ్రీజు పూసి, దుమ్ము రుద్దాడు. పనిలో చెయ్యి తిరిగినవాడు కదా, ఎవరికీ అనుమానం రాలేదు.

ఇక ఆ ఆదివారం సంగతి. ఆరాధన అయ్యాక జనం మెట్లు దిగుతుంటే, బావ చంకకర్రల మీద ఆని మెకానిక్కు చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. ఇవాళైనా ఆ కూతురి దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. మూడు నెలల్లో ఈ మాట అడగడం ఆరోసారి. ఒక వారం స్కూటరు టైరు పంక్చరైంది, ఒక వారం అదనపు డ్యూటీ పడింది, ఒక వారం వాన పడుతుందేమో అనిపించింది. వాన పడలేదు కానీ అప్పటికి గండం గడిచింది. ఈసారి బావ, నువ్వు రాకపోతే కుంటుకుంటూ నేనే పోతాను, దారి ఎవరినైనా అడుగుతాను అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే మెకానిక్కు ఇంకో సాకు వెతికేవాడే.

స్కూటరు వెనక బావ, అతని ఒళ్లో అడ్డంగా రెండు కర్రలు. దారంతా అతని గడ్డం మెకానిక్కు భుజానికి తగులుతూనే ఉంది. మెకానిక్కు మనసులో ప్రార్థన చేసుకున్నాడు. ప్రార్థన అతనికి కొట్టిన పిండి. తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు తండ్రీ అని అయిదు నెలలుగా రోజుకి రెండుసార్లు చెప్పుకుంటున్నాడు. ఆ మాటల మూటలో తీగెముక్క సంగతి కూడా ఎక్కడో అడుగున పెట్టేశాననే అతని నమ్మకం. మూట విప్పి చూపించమని దేవుడు ఎప్పుడూ అడగలేదని కూడా అనుకున్నాడు.

కూతురిది ఇస్త్రీ దుకాణం. వీధి వైపు గదే దుకాణం, వెనక గదే ఇల్లు. బల్ల మీద మడతపెట్టిన పాత దుప్పటి, దాని మీద అక్కడక్కడ ఇస్త్రీపెట్టె కాలిన మచ్చలు. మూతకి చిల్లులు పొడిచిన నీళ్ల సీసా. గోడ వారగా నంబరు చీటీలు గుచ్చిన బట్టల మూటలు. సోమవారం ఆఫీసులకీ బడులకీ వెళ్ళేవాళ్ల బట్టలన్నీ ఆదివారమే వస్తాయి కాబట్టి ఆమెకి ఆ రోజు తల ఎత్తే తీరిక ఉండదు. గోడ మేకుకి భవనం వాళ్లు ఊడ్చేవాళ్లకి ఇచ్చే నీలం కోటు వేలాడుతోంది. చనిపోయినావిడదే. తిరిగి ఇమ్మని ఆఫీసు నుంచి రెండుసార్లు కబురు వచ్చింది. ఆమె దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి, అక్కడే ఉంచుకుంది.

గుమ్మంలో కర్రల చప్పుడుకి ఆమె చూసింది. గుర్తుపట్టింది. కూర్చోమనలేదు. సీసాతో చొక్కా మీద నీళ్లు చిలకరించి మళ్లీ పనిలో పడింది. ముప్పై ఏళ్లుంటాయి. నిద్ర చాలని కళ్లు.

బావ గుమ్మంలోనే నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. ఎన్నాళ్లుగానో లోపల్లోపల వల్లె వేసుకున్నాడు కాబోలు, ఎక్కడా తడబడలేదు.

"అమ్మా, మీ అమ్మ నన్ను తమ్ముడూ అనేది. ఆవిణ్ణి చంపింది నేనే. తలుపు తీసి, లోపలికి చూడకుండా, ముందు నువ్వెళ్ళక్కా అన్నాను. మర్యాద చేశాననుకున్నాను. నేను ముందు అడుగేసినా ఆవిడ మిగిలేది. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడగడానికే వచ్చాను."

ఇస్త్రీపెట్టె కాలరు మీద అటూ ఇటూ తిరిగింది. ఆమె తల ఎత్తకుండానే అడిగింది.

"అయిదు నెలలకి గుర్తొచ్చామా బాబాయ్?"

రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నానని బావ చెప్పొచ్చు. ఇంటికొచ్చాక ఆరుసార్లు అడిగినా తీసుకొచ్చేవాడు దొరకలేదని చెప్పొచ్చు. ఆ దొరకనివాడు పక్కనే నిలబడి ఉన్నాడు. బావ అతని వైపు చూడను కూడా చూడలేదు.

"అదీ నా తప్పేనమ్మా" అన్నాడు.

అని, ఒక కర్ర గోడకి ఆనించి, రెండో కర్ర పట్టుకుని కిందికి వంగబోయాడు. మోకాళ్ల మీద కూర్చుందామని అతని ఉద్దేశం. ఉన్నది ఒక్క మోకాలు. కర్ర గచ్చు మీద జారింది. మెకానిక్కు చటుక్కున అతని చంకలో చెయ్యి వేసి పట్టుకున్నాడు. అయిదు నెలల్లో బావ ఎంత తేలికైపోయాడో అప్పుడే తెలిసింది. ఎముకల గూడు. చిన్నప్పుడు తల్లి పోతే తనని భుజాన వేసుకుని బడికి తీసుకెళ్ళిన మనిషి, తన చేతికి మొదటి స్క్రూడ్రైవరు ఇచ్చిన మనిషి. అప్పటిదాకా ఎన్ని ప్రార్థనలకీ రాని మాట అప్పుడు వచ్చింది.

"లే బావా. ఆ తప్పు నీది కాదు."

ఊరడింపు మాట అనుకుని బావ చెయ్యి విదిలించుకున్నాడు. కాదు, విను, అని మెకానిక్కు చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పాడు కానీ, ఎలా చెప్పాడో చూడండి. తాళం పాడైందన్నాడు. కంపెనీ వాళ్లు విడి భాగాలు ఏనాడూ సమయానికి పంపరన్నాడు. మేనేజరు నెత్తిన కూర్చుని తొందరపెట్టాడన్నాడు. ఒక్క మనిషి నాలుగు భవనాలు చూసుకోవాలంటే ఎలా కుదురుతుందన్నాడు. ఆ పూట సైతాను తన బుద్ధిని కమ్మేశాడన్నాడు. వీటన్నిటి మధ్యలో ఎక్కడో తీగెముక్క ఒకటి వచ్చి పోయింది. దేవుడు వద్దన్న పండు తిని తోటలో దొరికిపోయిన మొదటి మనిషి నోరు తెరిచి మొదట పక్కనున్న భార్యని చూపించాడని, పోయిన నెల యువకుల కూటంలో గంటసేపు వాక్యం చెప్పింది ఈ పెద్దమనిషే. అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఇస్త్రీ చేసే ఆమె పెట్టెని నిలబెట్టింది. స్విచ్చి ఆపింది.

"మేనేజరు మీ చెయ్యి పట్టుకుని కట్టించాడా?"

మెకానిక్కు గోడ వారనున్న మూటల వైపు చూశాడు.

"విచారణ వాళ్లు ఆ మధ్యాహ్నానికే వచ్చారు. నేను ఆసుపత్రి నుంచి అటే వెళ్ళాను, తాళం సవ్యంగా ఉందని వాళ్లు అనడం విన్నాను. కంపెనీ భాగాలు పంపలేదంటున్నారు. మరి పొద్దున్న పదింటికి పడితే, మధ్యాహ్నానికి కొత్త తాళం ఎక్కణ్ణించి వచ్చింది?"

ఎవరూ అడగని ప్రశ్న అది. విచారణ వాళ్లూ అడగలేదు, పాస్టరుగారూ అడగలేదు, దేవుడూ అడగలేదనుకున్నాడు. బట్టలు ఇస్త్రీ చేసుకునే మనిషి అడిగింది. మెకానిక్కు బట్టల మూట మీద కూలబడ్డాడు.

"నా సంచిలోనే ఉంది" అన్నాడు.

"ఎప్పట్నించి?"

"శుక్రవారం నుంచి."

ఆ తర్వాత ఆమె ఏమీ అడగక్కర్లేకపోయింది. విప్పడం మొదలయ్యాక మూట తనంతట తానే విచ్చుకుంది. మేనేజరు తొందరపెట్టలేదు, శనివారం మధ్యాహ్నానికే ఇంటికి పోయాడు. తాళం మార్చడం గంటన్నర పని. ఆరింటికి సంఘం వార్షిక కూటం, పాటలు తనే నడిపించాలి, మైకు ముందు లేటుగా నిలబడితే బాగుండదు. దేవుడి పని కదా, లిఫ్టు పని సోమవారం చూద్దాం అనుకున్నాడు. తీగె కట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. సోమవారం ఎనిమిదింటికే వచ్చి మారుస్తాననుకుని పది దాటాక వచ్చాడు. అప్పటికే కింద జనం గుమిగూడి ఉన్నారు.

"బావకి ఒక్క మాట చెప్తే సరిపోయేది" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. "చెప్పలేదు. చెప్తే లిఫ్టు ఆపేస్తాడు, కూటం లేదు గీటం లేదు, బిగించి కదులు అంటాడు. అందుకే చెప్పలేదు. ఆ రాత్రి ముందు వరసలో కూర్చుని నా పాటకి చప్పట్లు కొట్టింది బావే. ఇక్కడికి రాకుండా మూడు నెలలు ఆపింది కూడా నేనే. ఇందులో సైతానూ లేడు, కంపెనీ లేదు. నేనే."

బావ గోడకి ఆనుకుని నిలబడి వింటున్నాడు. అంతా విన్నాక అతను అడిగిన మాట మెకానిక్కు జీవితంలో మరచిపోలేడు.

"తలుపు నేను బలవంతంగా లాగలేదు కదరా? మామూలుగానే లాగాను కదూ?"

విచారణ కాగితంలో రాశారు కాబట్టి లాగే ఉంటాను అని ఆ మనిషి అయిదు నెలలుగా నమ్ముతున్నాడు. తన చేతుల్ని తనే నమ్మలేకపోయాడు. మామూలుగానే లాగావు బావా అని మెకానిక్కు అన్నాడు. బావ ఏడ్చాడు. పెద్దవాళ్లు ఏడిస్తే చూడటం కష్టం. ఇస్త్రీ చేసే ఆమె మూలనున్న స్టూలు తెచ్చి అతన్ని కూర్చోబెట్టి, గ్లాసుతో నీళ్లిచ్చింది. తన కళ్లు తుడుచుకోవడానికి ఎవరిదో చొక్కా అందుకుని, మళ్లీ పెట్టేసి, మోచేత్తో తుడుచుకుంది.

నీళ్లు తాగాక బావ నెమ్మదిగా మాట్లాడాడు.

"చూడకపోవడం నాదే. ముందు వెళ్ళమన్నది నేనే. అది నా వంతు, దాన్ని నేను వదిలించుకోను. కానీ ఒరేయ్, నీ వంతు కూడా నా నెత్తిన పెట్టి, నా పక్కనే కూర్చుని, నన్ను ఓదార్చావు చూడు. దేవుడు క్షమిస్తాడు బావా, దిగులు పడకు అని నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశావు. తాళం సంగతి ఏమో గానీ, అది నాకు అర్థం కావడం లేదు."

ఆ ప్రార్థనలు చేస్తున్నప్పుడు మెకానిక్కు నిజంగానే కన్నీళ్లు పెట్టుకున్నాడు. అవి దొంగ కన్నీళ్లు కూడా కావు. ఆ సంగతి చెప్పుకోవడానికి అతనికి సిగ్గేసింది.

అప్పుడు ఇస్త్రీ చేసే ఆమె గోడ గడియారం చూసింది. ఆమె మొహం మారింది. బావ వైపు తిరిగి, మీరు రాకపోయేసరికి కడుపు మండిపోయిందని చెప్పింది. ఒక్కసారి గుమ్మం తొక్కి, ఒక్క మాట అంటారని రోజూ చూసిందట. ఎదురుచూసి, ఎదురుచూసి, మొన్న శుక్రవారం పోలీసులకి ఫిర్యాదు రాసిచ్చింది. అజాగ్రత్తతో తన తల్లి ప్రాణం తీశాడని, లిఫ్టు ఆపరేటరు మీద. ఆదివారం ఇంట్లో ఉంటాడు కాబట్టి ఆ మధ్యాహ్నమే వస్తామన్నారట.

"ఈపాటికి మీ ఇంటికి వచ్చి ఉంటారు" అంది.

ఫోన్ చేసి ఆపించమని మెకానిక్కు అడిగాడు.

"ఆపగలను. ఆపను. ఇక్కడ నాకు చెప్పింది అక్కడికెళ్ళి చెప్పండి. మొదటిసారి చెప్పినట్టు కాదు, రెండోసారి చెప్పినట్టు చెప్పండి."

తిరుగు దారిలో బావ గడ్డం అతని భుజానికి తగల్లేదు. వెనక్కి వాలి, సీటు కింద ఇనుప కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. మెకానిక్కు మాట కూడబలుక్కుంటూ బండి నడిపాడు. చెప్పేస్తాను, ఏమైనా కానీ, ఈ ఒక్కసారికి చెప్పేస్తాను అనుకున్నాడు. అలా అనుకోవడంలో అతనికి కాస్త బలం కూడా వచ్చింది.

వీధి మలుపులోనే జీపు కనిపించింది. ఇరుగుపొరుగు వాళ్లు గుమ్మాల్లో ఉన్నారు. ఇంటి ముందు అక్క నిలబడి పోలీసు అధికారికి దణ్ణం పెడుతోంది. అయిదు నెలలుగా భర్తని పరధ్యానం మనిషివని, ఒక తల్లి ఉసురు పోసుకున్నావని దెప్పిన నోరే ఇప్పుడు అతని కోసం బతిమాలుతోంది. తప్పు మా ఆయనదేనండీ, ఆయనే ఒప్పుకుంటున్నాడు, కాలు పోయిన మనిషి, దయ చూపించండి అంటోంది.

మెకానిక్కు స్కూటరు స్టాండు కూడా సరిగ్గా వెయ్యలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"తప్పు ఆయనది కాదు సార్. నాది. పాడైన తాళానికి తీగె కట్టింది నేను. తర్వాత మార్చేసిందీ నేనే."

అన్నాడు. నిజంగా అన్నాడు. మాట స్పష్టంగానే వచ్చింది. అధికారి కాగితం మీద పెన్ను ఆనించాడు. అక్క బిత్తరపోయి, గబగబా వచ్చి తమ్ముడికీ అధికారికీ మధ్య నిలబడింది.

"వాడి మాట రాసుకోకండి సార్. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది మా ఆయనే. బావంటే వాడికి ప్రాణం. జైలుకి బావ బదులు తను పోదామని చూస్తున్నాడు. పిచ్చివాడు, ఎప్పుడూ అంతే."

ఆమె తమ్ముడి మొహం రెండు చేతుల మధ్య పట్టుకుని ఏడ్చింది. గుమ్మాల్లో ఉన్నవాళ్లలో ఒకావిడ కొంచెం గట్టిగానే, ఈ కాలంలో ఇలాంటి తమ్ముడు ఎవరికుంటాడు అంది. సంఘంలో పెద్ద, అని ఇంకొకరు అందించారు. అధికారి మొహంలో కరకుతనం పోయింది. విచారణ కాగితం తీసి చూపించాడు. తాళం సవ్యంగా ఉందని అందులో సంతకాలతో సహా ఉంది. ఇలాంటివి చాలా చూశానన్నాడు. మీ మంచి మనసు నాకు అర్థమైంది, ఆవేశంలో అన్న మాట కింద నేను విననట్టే ఉంటాను, ఆలోచించుకుని చెప్పండి అన్నాడు.

మెకానిక్కు బావ కోసం చూశాడు. బావ స్కూటరు దిగి, కర్రల మీద నిలబడి, నేల చూపు చూస్తున్నాడు. అతను నోరు విప్పలేదు. విప్పడని కూడా తెలుస్తోంది. నీ వంతు నీదే అని ఇందాకే చెప్పేశాడు. అక్క చెయ్యి మెకానిక్కు వీపు నిమురుతోంది. చిన్నప్పటి తర్వాత ఆమె అతన్ని అలా నిమరలేదు. ఇప్పుడు అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా లేదు. ఊరికే నిలబడితే చాలు.

అధికారి పెన్నుకి మూత పెట్టాడు.

"ఏమంటారు?" అన్నాడు.